అప్‌డేట్ నొక్కేదెవరు? తిరుపతి, చిత్తూరు కాలేజీ లైబ్రరీలకు కోహా, సోల్, ఈ-గ్రంథాలయ పోలిక

"అన్నా, అప్‌డేట్ చేసుకోమని స్క్రీన్ మీద వస్తాండాది. నొక్కేదా, వద్దా?"

చిత్తూరు నుంచి ఫోను. అక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లైబ్రరీలో కొత్తగా చేరిన అమ్మాయి. ఏ సాఫ్ట్‌వేరమ్మా అని అడిగితే "అదేమో తెలీదన్నా, ముందుండిన సారు పెట్టిపోయినాడు" అంది. బ్యాకప్ ఉందా అంటే అవతల నుంచి మాట లేదు. ప్రస్తుతానికి ముట్టుకోవద్దని చెప్పి ఫోను పెట్టేశాను. తిరుపతిలో పద్దెనిమిదేళ్లుగా కాలేజీ లైబ్రరీ చూసుకుంటున్నా, ఆ ప్రశ్నకు నా దగ్గరా ఒక్క మాటలో జవాబు లేదు. ఏ సాఫ్ట్‌వేరు, ఎవరి సర్వరు, ఎంతమంది పంచుకుంటున్నారు అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది.

దానికి తోడు ఆ అమ్మాయి కాలేజీ, మా ఎయిడెడ్ కాలేజీ, మా ఊరి బయట ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీ కలిసి ఉమ్మడి కేటలాగు పెట్టుకుందామన్న మాట ఏడాదిగా నలుగుతోంది. పిల్లలు ఒక్కచోట వెతికితే మూడు లైబ్రరీల పుస్తకాలూ కనబడాలి. లేని పుస్తకం పక్క కాలేజీ నుంచి తెప్పించుకోవాలి. తిరుపతికి చిత్తూరు డెబ్బై కిలోమీటర్లు, ఆర్టీసీ కార్గోలో వేస్తే పుస్తకం దాని దారిన అది పోతుంది. ఎటూ తేలనిది సాఫ్ట్‌వేరు సంగతే: కోహా, సోల్, ఈ-గ్రంథాలయ అనే మూడు లైబ్రరీ సాఫ్ట్‌వేర్లలో ఏది?

సాఫ్ట్‌వేరు ఎంచుకునేటప్పుడు అందరం ఫీచర్ల పట్టిక ముందేసుకుని టిక్కులు కొడతాం. నేనూ మొదట్లో అంతే. ఇప్పుడు కొటేషన్ తెరవకముందే అడిగేది ఒకటుంది: దీనికి అప్‌డేట్ ఎవరు వేస్తారు, వేసింది బెడిసికొడితే తెల్లారి కౌంటర్ దగ్గర పిల్లలకు జవాబు చెప్పేది ఎవరు? కింద రాసిందంతా ఆ కోణంలో చూసి చెబుతున్నదే.

ముందు ఏ రకం ఉమ్మడో తేల్చుకోండి

ఉమ్మడి కేటలాగు అనే ఒక్క మాట వెనక మూడు వేరు వేరు ఏర్పాట్లున్నాయి.

మొదటిది ఉమ్మడి కాపురం. ఒకే సర్వరు, ఒకే డేటాబేసు, మూడు కాలేజీలూ అందులో మూడు శాఖలు. పుస్తకం రికార్డు ఒక్కటే ఉంటుంది, దాని కింద ఏ కాపీ ఏ కాలేజీదో ఉంటుంది. ఇష్యూ అయిందా లేదా అన్నది అప్పటికప్పుడు కనబడుతుంది. పిల్లలకు ఇంతకంటే హాయి లేదు. కానీ అప్‌డేట్ రోజు మూడు కౌంటర్లూ ఒకేసారి ఆగిపోతాయి. ఒకచోట సెమిస్టర్ పరీక్షలు, ఇంకోచోట కాలేజీల నాణ్యత చూసే న్యాక్ తనిఖీ, మరోచోట స్టాక్ వెరిఫికేషన్ ఉంటే ఏ ఆదివారమూ అందరికీ కుదరదు. మూడు కాలేజీల ఫైన్ లెక్కలు, పుస్తకం ఇచ్చే గడువులు ఒకే చోట ఉంటాయి కాబట్టి ఒకరు మార్చింది ఇంకొకరికి తగలకుండా చూసుకోవాలి. పెత్తనం ఎవరిదో కాగితం మీద రాసుకోకుండా దిగితే ఉమ్మడి కాపురాల్లో వచ్చే పేచీలన్నీ వస్తాయి.

రెండోది వేరు కాపురం, మధ్య గోడలో కిటికీ. ఎవరి సర్వరు వాళ్లది. జెడ్39.50 అనే పాత ప్రమాణం ద్వారానో, దాని తర్వాత వచ్చిన ఎస్‌ఆర్‌యూ ద్వారానో ఒకరి కేటలాగులోకి ఇంకొకరు తొంగిచూడొచ్చు, రికార్డును దించుకోవచ్చు. నేను కోహా 24.11 వెర్షన్ వాడుతూ మీరు 22.11 వాడినా కిటికీకి పట్టింపు లేదు. అప్‌డేట్ ఎవరికి కుదిరినప్పుడు వాళ్లు వేసుకుంటారు. ఒకటే జాగ్రత్త: సర్వరు మార్చినప్పుడో ఫైర్‌వాల్ మార్చినప్పుడో ఆ పోర్టు మూతపడుతుంది, మూతపడిన సంగతి మనకెవరూ చెప్పరు. అప్‌డేట్ అయ్యాక పక్క కాలేజీ వాళ్లకు ఫోను చేసి "ఒక పుస్తకం వెతికి చూడండి" అంటే రెండు నిమిషాల పని.

మూడోది అందరూ తమ జాబితాను పెద్దింట్లో అప్పగించి రావడం. ఢిల్లీలో లైబ్రరీల నెట్‌వర్క్ అయిన డెల్‌నెట్ 1988 నుంచి ఈ పని చేస్తోంది. విశ్వవిద్యాలయాల కోసం గాంధీనగర్‌లోని యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఇండ్‌క్యాట్ అనే ఉమ్మడి కేటలాగు నడుపుతోంది. మన సాఫ్ట్‌వేరు నుంచి మార్క్ 21 (పుస్తకాల వివరాలకు ప్రామాణిక రూపం) రికార్డులను ఒక ఫైలుగా తీసి పంపితే సరి. ఇక్కడ అప్‌డేట్ మన ఎగుమతిని పాడుచేయకుండా ఉంటే చాలు. డెల్‌నెట్‌లో సభ్యత్వం ఉంటే దేశంలోని మిగతా సభ్య లైబ్రరీల పుస్తకాలను అరువు కోరవచ్చు కూడా. మేం ఏ ఉమ్మడిలో చేరినా ఇది మాత్రం వదులుకోం.

కోహా: స్వేచ్ఛ మనది, తంటా మనదే

ఎక్కువ మంది అడిగేది దీని గురించే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు వాడుతున్న పాత వ్యవస్థ 2000 సంవత్సరం దాటి నడవదని తెలిసి, 1999లో కటిపో అనే చిన్న కంపెనీ చేత రాయించుకున్న సాఫ్ట్‌వేరు ఇది. 2000 జనవరి మొదట్లో కౌంటర్ ఎక్కింది. కోహా అంటే మావోరీ భాషలో కానుక. అప్‌డేట్ బాధలోంచే పుట్టింది కాబట్టేనేమో, అప్‌డేట్ల విషయంలో దీనికున్నంత క్రమశిక్షణ మిగతావాటిలో నేను చూడలేదు.

ఏటా మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి పెద్ద వెర్షన్లు వస్తాయి. అంకె చూస్తే పుట్టిన నెల తెలిసిపోతుంది: 24.05 అంటే 2024 మే, 24.11 అంటే 2024 నవంబరు. మధ్యలో నెలనెలా చిన్న సవరణలు. కొన్ని వెర్షన్లకు ఎక్కువ కాలం సవరణలు ఇస్తామని ముందే ప్రకటిస్తారు, వాటిని ఎల్‌టీఎస్ అంటారు. 22.11 అలాంటిది, 24.11 అలాంటిది. ముగ్గురు నలుగురు సిబ్బందితో నడిచే కాలేజీ లైబ్రరీ ఆర్నెల్లకోసారి పెద్ద వెర్షన్ మార్చాల్సిన అవసరం నాకైతే కనబడదు. ఎల్‌టీఎస్ పట్టుకుని, నెలవారీ సవరణలు వేసుకుంటూ, రెండేళ్లకోసారి వేసవి సెలవుల్లో పెద్ద గంతు వేస్తే సరిపోతుంది. కొత్త వెర్షన్‌లో బొమ్మలు బాగున్నాయని మారేవాళ్లను చూశాను. పిల్లలు ఓపాక్‌లో, అంటే తెర మీది కేటలాగులో, వెతికేది పుస్తకం పేరు, తీసుకునేది ర్యాక్ నంబరు, అంతే.

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది. ఉబుంటు, డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద కోహా పెట్టేటప్పుడు ప్యాకేజీ ఎక్కడి నుంచి దించుకోవాలో ఒక ఫైల్లో ఒక వరస రాస్తారు. అందులో 'స్టేబుల్' అని రాసి వదిలేస్తే, ఆ పేరు కాలంతో పాటు కొత్త వెర్షన్ మీదికి జరుగుతూ పోతుంది. మామూలు సవరణే కదా అని సర్వరును అప్‌గ్రేడ్ చేస్తే రాత్రికి రాత్రి పెద్ద వెర్షనే మారి కూర్చుంటుంది. ఆ మాట తీసేసి వెర్షన్ అంకె రాస్తే ఆ వరసలోని చిన్న సవరణలే వస్తాయి. మీ సర్వరు ఎవరు చూస్తున్నా సరే, ఆ ఫైలు తెరిపించి ఆ వరసలో ఏముందో మీ కళ్లతో చూడండి. పెద్ద వెర్షన్‌లోకి వెళ్లాక డేటాబేసు లోపలి పట్టికలు మారిపోతాయి. వెనక్కి రావడానికి బటన్ ఏదీ లేదు. ముందురోజు తీసిన బ్యాకప్ ఒక్కటే దారి.

కోహా రోజూ రాత్రి బ్యాకప్ తీసి తన సర్వరులోనే ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. ఇల్లు కాలితే బీరువాలోని దస్తావేజులూ కాలతాయి కదా, అందుకని వారానికోసారి దాన్ని బయటికి తీయాలి. మా దగ్గర అది ఒక హార్డ్‌డిస్కులోకి వెళ్లి ప్రిన్సిపాల్ గారి గదిలో బీరువాలో ఉంటుంది. ఆ బీరువాకు తాళం పనిచేయదన్నది వేరే సంగతి.

ఇంకో రెండు చిన్న ఉచ్చులు. ఓపాక్ పేజీలో కాలేజీ లోగో, రంగులు మార్చుకోవడానికి కోహా సెట్టింగుల్లోనే చోటిచ్చింది, అక్కడ రాసుకున్నది అప్‌డేట్ తర్వాతా ఉంటుంది. కొందరు సర్వీసు కుర్రాళ్లు పని తొందరగా అయిపోతుందని లోపలి టెంప్లేట్ ఫైళ్లనే దిద్దేస్తారు. మరుసటి అప్‌డేట్‌లో ఆ దిద్దుళ్లన్నీ కొట్టుకుపోతాయి. రెండోది, దాచుకున్న రిపోర్టులు. 17.05లో పూర్తి మార్క్ రికార్డు ఉండే నిలువు వరసను ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి మార్చారు. దాని మీద రాసుకున్న పాత రిపోర్టులన్నీ ఆ దెబ్బకు పడుకున్నాయి. న్యాక్‌కు ఇవ్వాల్సిన లెక్కలు అలాంటి రిపోర్టుల్లోంచే వస్తాయి కాబట్టి, అప్‌డేట్ అయిన రోజే ముఖ్యమైన నాలుగైదు నడిపి చూసుకోవాలి.

ఇక ఖర్చు. సాఫ్ట్‌వేరు ఉచితమే. సర్వరు, కరెంటు, యూపీఎస్, చూసే మనిషి ఉచితం కాదు. ఏడాది నిర్వహణకు రాసుకునే ఏఎంసీ ఒప్పందంలో 'సపోర్ట్' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. ఏడాదికి ఎన్ని పెద్ద అప్‌డేట్లు, ముందు వేరే మిషన్ మీద పరీక్ష చేసి చూపిస్తారా, బెడిసికొడితే ఎన్ని గంటల్లో పాత స్థితికి తెస్తారు, ఈ మూడూ రాయించండి. రాయనిది జరగదు.

సోల్: నిదానమే దాని గుణం, నిదానమే దాని దోషం

ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్‌ను మేం కొన్నేళ్లు వాడాం. మొదటి వెర్షన్ 2000లో, 2.0 2009లో, 3.0 2021లో వచ్చాయి. పెద్ద వెర్షన్ల మధ్య ఎంత ఎడముందో తేదీలే చెబుతున్నాయి. ఆర్నెల్లకోసారి తలనొప్పి ఉండదు. నేర్చుకున్న పని పదేళ్లు పనికొస్తుంది. సిబ్బందికి శిక్షణ ఇస్తారు, మన కాలేజీల పద్ధతులు తెలిసినవాళ్లు రాసింది కాబట్టి పుస్తకాలను వరస నంబర్లతో నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్ మనం అనుకున్నట్టే ఉంటుంది. మార్క్ 21 ఉంది, తెలుగు అక్షరాలు దాచుకోవడానికి యూనికోడ్ ఉంది.

చిక్కంతా కిందున్న నేలతో. సోల్ విండోస్ మీద నడిచే క్లయింట్-సర్వర్ పద్ధతి సాఫ్ట్‌వేరు. సర్వరు మీద ఒకటి, కౌంటర్ పీసీల మీద ఒక్కొక్కటి ఉంటాయి. సవరణ వస్తే సర్వరుకు వేసి ఊరుకుంటే కుదరదు, ప్రతి పీసీ దగ్గరికీ వెళ్లాలి. మూడు కాలేజీలంటే ఎన్ని పీసీలో లెక్కేసుకోండి. సాఫ్ట్‌వేరు కదలకుండా కూర్చున్నా కింద విండోస్ కదిలిపోతుంటుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సవరణలు 2020 జనవరిలో ఆగాయి, విండోస్ 10కు మామూలు సవరణలు 2025 అక్టోబరు 14న ఆగాయి. డేటా ఉండే ఎస్‌క్యూఎల్ సర్వర్‌కూ అలాంటి గడువులే ఉన్నాయి, 2012 వెర్షన్‌ది 2022 జులైలో ముగిసింది. లైబ్రరీ సాఫ్ట్‌వేరు బాగానే నడుస్తోంది కదా అని ఊరుకుంటే, అది కూర్చున్న బల్లకు చెదలు పడుతుంటాయి.

2.0 నుంచి 3.0కు వెళ్లడాన్ని అప్‌డేట్ అనుకోకండి. అది ఇల్లు మారడం. పాత ఇంట్లో ఏమేం ఉన్నాయో, యాక్సెషన్ నంబర్లు మొదటిదీ చివరిదీ, మొత్తం ఎన్ని, ఇష్యూలో ఉన్నవెన్ని, రావాల్సిన ఫైన్ ఎంత, ముందే కాగితం మీద రాసుకుని కొత్త ఇంట్లో ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి.

ఒకే కాలేజీ, సొంత విండోస్ సర్వరు, కంప్యూటర్ తెలిసిన ల్యాబ్ అసిస్టెంటు ఒకరు చేతికింద ఉంటే సోల్ మంచి ఎంపికే. మూడు కాలేజీల మధ్య ఉమ్మడి కాపురానికి మాత్రం నేను ఎంచుకోను.

ఈ-గ్రంథాలయ: నొక్కే పనే మనకు లేదు

కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ వాళ్లు తయారుచేసిన ఈ-గ్రంథాలయ పాత వెర్షన్లను మన పీసీల్లోనే ఎక్కించుకోవాల్సి వచ్చేది. 4.0 నుంచి పద్ధతి మారింది. సాఫ్ట్‌వేరు, డేటా అంతా ఎన్‌ఐసీ క్లౌడ్‌లోనే ఉంటాయి, మనకు బ్రౌజరు, ఇంటర్నెట్టు ఉంటే చాలు. ప్రభుత్వ గ్రంథాలయాలకు ఉచితం. ఒక శాఖ కిందనో ఒక రాష్ట్రం కిందనో ఉన్న లైబ్రరీలను ఒక గుంపుగా చేర్చి ఉమ్మడి కేటలాగు చూపించే ఏర్పాటు దాంట్లోనే ఉంది.

అప్‌డేట్ కోణంలో చూస్తే ఇది హోటల్ భోజనం. వండక్కర్లేదు, అంట్లు తోమక్కర్లేదు, ఏం వండాలో మాత్రం వాళ్ల ఇష్టం. పొద్దున వచ్చి చూస్తే మెనూలో ఒక బటన్ స్థలం మారి ఉండొచ్చు. నాకు కావాల్సిన రిపోర్టు లేకపోతే నేను రాసుకోలేను. ఇంటర్నెట్టు పోయిన రోజు కౌంటర్ దగ్గర నోటుపుస్తకం తీయాల్సిందే. అయినా సిస్టమ్ అడ్మిన్ అనే పోస్టే లేని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకు, జిల్లా గ్రంథాలయ సంస్థ కిందుండే శాఖా గ్రంథాలయాలకు ఇంతకంటే నప్పేది లేదన్నది నా అభిప్రాయం. సర్వరు చూసేవాళ్లు లేనిచోట సొంత సర్వరు పెట్టుకోవడమంటే, మేపేవాళ్లు లేని ఇంట్లో గేదెను కట్టేయడమే.

చేరే ముందు అడగాల్సింది ఒకటే: మా రికార్డులన్నీ ఐఎస్‌ఓ 2709 ఫైలుగా, అంటే ఇంకో లైబ్రరీ సాఫ్ట్‌వేరు చదవగల ప్రామాణిక రూపంలో, మేం ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలమా? తీసుకోగలం అని నోటిమాటతో చెప్పించుకుని వదిలేయకుండా, వంద రికార్డులు తీయించి, ఆ ఫైలును ఇంకో సాఫ్ట్‌వేరులో ఎక్కించి చూడండి.

ఇంకో రెండు సాఫ్ట్‌వేర్ల గురించి క్లుప్తంగా. ఎవర్‌గ్రీన్ అమెరికాలో జార్జియా రాష్ట్రపు పబ్లిక్ లైబ్రరీల కోసం 2006లో మొదలైంది. వందల శాఖలు కలిసి వాడుకోవడానికి పుట్టినది కావడంతో ఉమ్మడి కేటలాగు దాని రక్తంలోనే ఉంది. మూడు కాలేజీలకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. హైదరాబాద్‌లో పుట్టిన న్యూజెన్‌లిబ్ 2008లో ఓపెన్ సోర్స్ అయింది, మనవాళ్లు రాసిందన్న అభిమానం నాకూ ఉంది. అయితే ఏ సాఫ్ట్‌వేరైనా ఎంచుకునే ముందు దాని చివరి వెర్షన్ ఏ తేదీన వచ్చిందో చూడండి. అభిమానంతో సర్వర్లు నడవవు.

తెలుగు రికార్డులు బతికి బయటపడతాయా

ఇక్కడ నా సొంత దెబ్బ ఒకటి చెప్పాలి. కిందటిసారి వేసవి సెలవుల్లో మా కోహా సర్వరును కొత్త మిషన్ మీదికి మార్పించాం. ఒప్పందం చేసుకున్నవాళ్లు వచ్చారు, మార్చారు, బార్‌కోడ్ స్కాన్ చేసి చూపించారు, రెండు ఇంగ్లిషు పుస్తకాలు వెతికి చూపించారు, సంతకం పెట్టించుకుని వెళ్లారు. కాలేజీ తెరిచిన వారానికి ఎంఏ తెలుగు కుర్రాడొకడు వచ్చి "సార్, మన లైబ్రరీలో తెలుగు పుస్తకాలే లేవంట కదా" అన్నాడు. వెనక రెండు హాళ్ల నిండా ఉన్నాయి, లేవంటాడేమిట్రా అని ఓపాక్‌లో 'వైష్ణవం' అని కొట్టాను. ఫలితాలు సున్నా. అదే పుస్తకం బార్‌కోడ్ కొడితే ఠక్కున వచ్చింది. రికార్డు ఉంది, వెతికితే దొరకడం లేదు.

కోహాలో వెతుకులాట పని జీబ్రా అనే ఇండెక్స్ చూసుకుంటుంది. అక్షరాలను విడగొట్టి సూచిక కట్టడానికి దానికి రెండు పద్ధతులున్నాయి. మామూలుగా పెట్టిన పద్ధతి లాటిన్ అక్షరాల కోసం చేసింది. తెలుగు లాంటి లిపులకు ఐసీయూ అనే రెండో పద్ధతి పెట్టాలి. పాత మిషన్‌లో ఎవరో పుణ్యాత్ముడు ఐసీయూ పెట్టి ఉన్నాడు, కొత్త మిషన్‌లో మామూలుదే ఉండిపోయింది. ఆ సెట్టింగు మార్చి, మొత్తం ఇండెక్స్ మళ్లీ కట్టిస్తే తెల్లారేసరికి తెలుగు పుస్తకాలు తిరిగొచ్చాయి. తప్పు వాళ్లది సగం, ఇంగ్లిషు పుస్తకాలు చూసి సంతకం పెట్టిన నాది సగం.

అప్పటి నుంచి ఏ అప్‌డేట్ తర్వాతైనా నేను 'వైష్ణవం' కొట్టకుండా సంతకం పెట్టను. ఆ మాటే ఎందుకంటే దాని మొదటి అక్షరంలో ఐత్వం ఉంది. యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ దాచొచ్చు, ఎత్వం ఒకటి కింది గుర్తు ఒకటి చొప్పున రెండు ముక్కలుగానూ దాచొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి, యంత్రానికి మాత్రం రెండూ వేరు వేరు మాటలు. ఒక సాఫ్ట్‌వేరు నుంచి ఇంకోదానికి రికార్డులు మారేటప్పుడు ఈ తేడా బయటపడుతుంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు విడిగా కనబడటానికి మధ్యలో పెట్టే కనబడని గుర్తుతోనూ ఇదే పేచీ. టైపు చేసినవాడు పెట్టాడు, వెతికేవాడు పెట్టడు.

పేర్ల సంగతి ఉమ్మడి కేటలాగులో ఇంకా ముదురుతుంది. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలో పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పేరే తీసుకోండి. ఒక కాలేజీలో 'ప్రభాకరశాస్త్రి' కలిపి, ఇంకో కాలేజీలో విడదీసి, మూడోచోట ఇంగ్లిషు లిపిలో రెండు రకాల స్పెల్లింగులతో ఉంటుంది. మూడు డేటాబేసులు కలిపితే ఒకే మనిషి నలుగురవుతాడు. ఇది ఏ అప్‌డేటూ బాగుచేయదు. అథారిటీ రికార్డు ఒకటి పెట్టుకుని, 1888–1950 అని సంవత్సరాలు తగిలించి, ఒక రూపాన్ని ఖాయం చేసుకోవాలి. ఆ పని అయ్యాకే డేటాబేసులు కలపండి. కలిపాక చేద్దామంటే ఎప్పటికీ చేయరు, అనుభవంతో చెబుతున్నాను.

అరువు పుస్తకాలు దారిలో ఉండగా

మన ఊళ్లలో ఇంటర్ లైబ్రరీ లోన్ అంటే ఇప్పటికీ ఎక్కువగా ఒక వాట్సాప్ మెసేజ్, ఒక అటెండరు, ఒక మోటర్ సైకిలు. దాన్ని సాఫ్ట్‌వేరులోకి తేవడం మంచిదే, ఎవరి దగ్గర ఏ పుస్తకం ఎన్నాళ్లుగా ఉందో తెలుస్తుంది. కోహాలో 17.11 నుంచి ఇందుకు ఒక విభాగం ఉంది. పక్క కాలేజీలను భాగస్వామ్య లైబ్రరీలుగా నమోదు చేసుకుని కోరికలు పంపొచ్చు. పాత వెర్షన్లలో దీనికి బ్యాకెండ్ అనే ముక్కను విడిగా దించి పెట్టుకోవాల్సి వచ్చేది. కోహాను మార్చి ఆ ముక్కను మరిచిపోతే పని చెడుతుంది. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి వెళ్లేవాళ్లు ఏ బ్యాకెండ్ వాడుతున్నారో ముందు చూసుకోండి.

డేటాబేసు ఒకటే అయిన ఉమ్మడిలో దీని అవసరమే తక్కువ. చిత్తూరు కాపీని తిరుపతి విద్యార్థి రిజర్వు చేస్తే, మామూలు ట్రాన్స్‌ఫర్‌గా వచ్చేస్తుంది. నిజానికి ఉమ్మడి కాపురానికి ఉన్న పెద్ద ఆకర్షణ ఇదే.

ఏ పద్ధతైనా అప్‌డేట్‌కు ముందు సాయంత్రం దారిలో ఉన్న పుస్తకాల జాబితా ఒకటి కాగితం మీద ప్రింటు తీయండి. ఏ పుస్తకం, ఎవరి దగ్గర నుంచి ఎవరికి, ఏ తేదీ. పదో పదిహేనో ఉంటాయి. తెర మీద రికార్డు పోతే మన పుస్తకాన్ని మనం మళ్లీ కొనొచ్చు. పక్క కాలేజీ పుస్తకం పోగొడితే రెండోసారి ఇవ్వరు.

అసలు అప్‌డేటే మానేస్తే?

ఈ ప్రశ్న మా ప్రిన్సిపాల్ గారు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకు? ఆయనకు నేను బ్రిటిష్ లైబ్రరీ సంగతి చెప్పాను. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి వాళ్ల కేటలాగు ఆగిపోయింది. 2024 జనవరిలో తిరిగి వచ్చింది, అదీ వెతుక్కోవడానికి మాత్రమే. కోలుకోవడం అంత ఆలస్యం కావడానికి ఏళ్ల తరబడి మార్చకుండా వదిలేసిన పాత వ్యవస్థలు ఒక కారణమని వాళ్లే తర్వాత నివేదికలో రాసుకున్నారు. అంత డబ్బు, అంతమంది మనుషులున్న చోటే అలా జరిగింది.

అందుకని అప్‌డేట్లను రెండు గంపల్లో వేసుకోవాలి. భద్రతకు సంబంధించినవి వచ్చిన వారంలో వేసేయాలి, ముఖ్యంగా ఓపాక్ బయటి ఇంటర్నెట్టుకు తెరిచి ఉంటే. కొత్త సదుపాయాల కోసం వచ్చేవి సెలవుల దాకా ఆగొచ్చు. ఏది ఏ గంపలోదో వెర్షన్‌తో పాటు వచ్చే నోట్సులో రాసి ఉంటుంది. చదవడానికి పావుగంట పడుతుంది, ఆ పావుగంట కేటాయించండి.

మరి మేం ఏం ఎంచుకుంటున్నాం

మూడు కాలేజీలకూ ఒకే సాఫ్ట్‌వేరు అన్న ఆశ వదిలేశాం. మా కాలేజీ, ఇంజినీరింగ్ కాలేజీ కలిసి ఒకే కోహాలో రెండు శాఖలుగా ఉంటాం, ఎల్‌టీఎస్ వెర్షన్ మీద. సర్వరు ఇంజినీరింగ్ కాలేజీలో, ఎందుకంటే జనరేటరు, సిస్టమ్ అడ్మిన్ ఉన్నది వాళ్లకే. కేటలాగింగ్ పెత్తనం మాది, తెలుగు పుస్తకాలెక్కువ ఉన్నది మా దగ్గర కాబట్టి. పెద్ద అప్‌డేట్ మే నెలలోనే, రెండు కాలేజీల సంతకాలతోనే.

చిత్తూరు వాళ్లది ప్రభుత్వ కాలేజీ కనుక ఈ-గ్రంథాలయకు వెళ్లమన్నాను. నెలకోసారి వాళ్ల రికార్డుల ఫైలు మాకు పంపితే, పుస్తకాల మీదుండే ఐఎస్‌బీఎన్ నంబరు పోల్చి మా కోహాలోకి చేర్చుకుంటాం. పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు, వాటిని చేత్తో చూసుకోవాల్సిందే. ఆ పుస్తకం ఈ నిమిషాన ర్యాక్‌లో ఉందా లేదా అన్నది ఇందులో తెలియదు, అందుకు ఫోను ఎలాగూ చేయాలి. ఈ లోటు తెలిసే ఒప్పుకున్నాం. లైబ్రరీలో ఒక్కతే ఉన్న అమ్మాయి మీద సర్వరు భారం వేయడం కంటే రోజుకు రెండు ఫోన్లు నయం.

ఇంతకీ ఆ స్క్రీన్ మీది మెసేజ్. ఆదివారం బస్సెక్కి చిత్తూరు వెళ్లి చూశాను. అది లైబ్రరీ సాఫ్ట్‌వేరుది కానే కాదు, విండోస్‌ది. లైబ్రరీ సాఫ్ట్‌వేరు సోల్ 2.0. సర్వరు కూడా అదే పీసీ, కౌంటర్ బల్ల కింద, చీపురు పక్కన. బ్యాకప్ ఫోల్డర్ ఉంది, దాంట్లో చివరి ఫైలు ఆ ముందుండిన సారు రిటైరైన నెలది. మధ్యాహ్నం దాకా కూర్చుని కొత్త బ్యాకప్ తీశాం, నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి తెరుచుకుంటోందని చూశాం, యాక్సెషన్ నంబర్లు మొదటిదీ చివరిదీ రిజిస్టర్‌తో సరిచూశాం. 'వైష్ణవం' కొడితే పదకొండు వచ్చాయి. ఇష్యూలో ఉన్న పుస్తకాల జాబితా ప్రింటు తీసి ఆమె సొరుగులో పెట్టింది.

"ఇంక నొక్కేదా అన్నా?" అంది.

"నొక్కమ్మా" అన్నాను. గంటా పది నిమిషాలు పట్టింది. ఆలోపు భోంచేసి వచ్చాం.